నలభై శాతం డ్యూటీ

మహదేవపురలో టెక్ పార్కు గోడ ఎక్కడ ఆగుతుందో అక్కడ వెంకటేశప్ప షాపు మొదలవుతుంది. గోడకు అటువైపు వాళ్ళు ప్రపంచంలోని కంప్యూటర్లన్నీ బాగుచేస్తారు. ఇటువైపు వెంకటేశప్ప కాలిపోయిన మోటార్లకు కొత్త రాగి తీగ చుడతాడు. షాపు మీద "వెంకటేశప్ప చుడితే కాలదు" అని కన్నడంలో ఒకసారి, తెలుగులో ఒకసారి రాయించిన బోర్డు ఉంది. ఇంగ్లీషులో రాయించలేదు. ఇంగ్లీషు బోర్డు చదివేవాళ్ళు మోటార్లు చుట్టించుకోరు, కొత్తవి కొనుక్కుంటారు.

ముప్ఫై ఒక్క ఏళ్ళుగా ఆయన చుట్టినవి కాలలేదా అంటే, కాలాయి. కాలక ఏం చేస్తాయి? కానీ అందులో ఒక్కటి కూడా వెంకటేశప్ప వల్ల కాలలేదు. దానికి ఆయన దగ్గర ముగ్గురు ముద్దాయిలు ఎప్పుడూ సిద్ధంగా ఉంటారు: వోల్టేజీ, ఎలుక, హస్తవాసి. కోపంగా వచ్చిన కస్టమరుకు వోల్టేజీని చూపిస్తాడు. ఏడుపు మొహంతో వచ్చినవాడికి ఎలుకను చూపిస్తాడు. తెలిసినవాళ్ళు వస్తే, స్విచ్చి వేసే మనిషి హస్తవాసి మంచిది కాదంటాడు. ఆడలేక మద్దెల ఓడు అన్నవాడికి ఒక్క మద్దెలే ఉంది పాపం, ఈయనకు మూడున్నాయి.

ఇంకో అలవాటు కూడా ఉంది. ఏ రంగు మోటారు లోపలికి వచ్చినా చిలకపచ్చ రంగుతోనే బయటికి పోతుంది. "కస్టమరు చూసేది రంగు, రాగి కాదప్పా" అంటాడు. ఆ బ్రష్షు మోటారు ఒంటి మీద, ఫ్యాను మూత మీద, మోటారు పుట్టుపూర్వోత్తరాలు రాసి ఉండే ప్లేటు మీద సమానంగా నడుస్తుంది. ఒకసారి ఒక బొద్దింక మీద కూడా నడిచింది. ఆ బొద్దింక ఇప్పటికీ ఏదో పిండిమిల్లులో మోటారుకు అతుక్కుని పచ్చగా ఉంటుంది.

వెంకటేశప్ప అక్క సొన్నమ్మ మారతహళ్ళిలో దోసెపిండి రుబ్బి అమ్ముతుంది. ఇంటి వెనక రేకుల షెడ్డు, అందులో ఒక పెద్ద గ్రైండరు, చుట్టూ పన్నెండు పీజీ హాస్టళ్ళు. ఆ పీజీల్లో పిల్లలు పొద్దున ఆ పిండితో పోసిన దోసెలు నాలుగు తిని, ఊళ్ళో అమ్మకు ఫోను చేసి ఇక్కడ తిండే బాగాలేదని చెబుతారు. మధ్యాహ్నం రుబ్బితే రాత్రికి పులుస్తుంది, తెల్లారి ఆటోలో పోతుంది. రెండు రోజులు పిండి అందకపోతే పీజీలు హెచ్‌ఎస్‌ఆర్ లేఅవుట్‌లో యాప్ పెట్టి ప్యాకెట్ పిండి అమ్మే కుర్రాళ్ళ చేతికి పోతాయి. అందుకే ఎండాకాలంలో పాత మోటారు చచ్చిపోగానే సొన్నమ్మ తమ్ముడి మీద పడింది.

వెంకటేశప్ప తనకు తెలిసిన కదిరప్ప అనేవాడి గుజరి అంగడికి వెళ్ళి పాత ఇనుము గుట్టలో ఒక కొరియా మోటారును పట్టాడు. మూతపడిన ఏదో ఫ్యాక్టరీ నుంచి వచ్చింది. దాని ప్లేటు మీద 380 వోల్టులు, 60 హెర్ట్జ్ అని ఉంది. మన దేశంలో కరెంటు యాభై అని వెంకటేశప్పకు తెలియకపోలేదు. కానీ యాభై కంటే అరవై పెద్దదే కదా, పది ఎక్కువ ఉంటే నష్టమేమిటి అనుకున్నాడు. దాని కింద "ఎస్3, 40%" అని ఇంకో ముక్క ఉంది. వెంకటేశప్ప వేలితో దాన్ని చూపించి, "చూడు కదిరప్పా, కంపెనీవాళ్ళే నలభై శాతం తగ్గింపు అని కొట్టించి ఉండారు" అన్నాడు. కదిరప్పకు తూకం తెలుసుగాని చదువు తెలియదు. ప్లేటు మీద ఉన్నది దేవుడి వాక్కు అనుకుని నలభై శాతం తగ్గించాడు.

వెంకటేశప్ప తన షాపులో దాన్ని ఊరికే ఖాళీగా తిప్పి చూశాడు. అయిదు నిమిషాలకు ఒంటి మీద చెయ్యి పెట్టి చటుక్కున తీసేశాడు. కరెంటు ఎంత తాగుతోందో చూసే టాంగ్ టెస్టరును తీగకు తగిలిస్తే, ఏ బరువూ లాగని మోటారు నిండా బరువు లాగుతున్నదానిలా తాగుతోంది. రెండుసార్లు చూసి, టెస్టరును జేబులో పెట్టేసుకున్నాడు. కొత్త ఊరు, కొత్త నీళ్ళు, అలవాటు పడాలి కదా అని తనకు తానే చెప్పుకున్నాడు. మోటారేమైనా ఇల్లరికపు అల్లుడా అలవాటు పడడానికి? అయినా మనిషికి కావాల్సిన కారణం ఎప్పుడూ చేతికందేంత దూరంలోనే ఉంటుంది. పచ్చరంగు వేసి పంపించేశాడు.

ఇరవై నాలుగు రోజులు నడిచి కాలిపోయింది. ఎలుక, అన్నాడు వెంకటేశప్ప. సొన్నమ్మ పిల్లిని తెచ్చిపెట్టింది. ఆయన కాలిన తీగను విప్పుతూ ఒక్కో కాయిల్లో ఎన్ని చుట్లున్నాయో లెక్కపెట్టాడు. ముప్ఫై ఆరు. అదే మందం తీగతో మళ్ళీ ముప్ఫై ఆరూ చుట్టాడు. ఇందులో మాత్రం ఆయన నిజాయితీకి వంక పెట్టలేం. చుట్లు తగ్గించి రాగి మిగుల్చుకునేవాళ్ళు ఊరినిండా ఉన్నారు, వెంకటేశప్ప ఒక్క చుట్టు కూడా తినడు. ఉన్న తప్పును ఉన్నట్టుగా, అణాపైసలతో సహా తిరిగి చుట్టాడు.

ఈసారి తొమ్మిది రోజులకే పోయింది. సొన్నమ్మ గూడ్సు ఆటోలో మోటారు పక్కనే కూర్చుని వచ్చింది. ఆటోవాడు, టీ తాగడానికి నిలబడ్డ ఇద్దరు సెక్యూరిటీవాళ్ళు చూస్తుండగా షాపు ముందు దిగింది.

"ఏమిరా వెంకటేశా, పిల్లిని కూడా పెట్టినా. ఇంగ ఏ ఎలుకరా ఇది?"

"ఈ తూరి ఎలుక కాదక్కా."

"మరి బోర్డు మీద కాలదని రాసుకోనుండావే. పీకేసి పొయ్యిలో పెడదామా?"

సెక్యూరిటీవాళ్ళు నవ్వారు. వెంకటేశప్పకు చెవులు వేడెక్కాయి. వోల్టేజీ అందామంటే, సొన్నమ్మ షెడ్డులో మీటరు పెట్టించి రోజూ రాసుకుంటోంది. ఇక మిగిలింది మూడోదే.

"స్విచ్చి దగ్గర ఎవరుంటారు?"

"పిల్లమ్మే. తొమ్మిదేండ్లుగా ఆమె తప్ప ఎవరుండారు?"

"మధ్యలో ఆపుతాదా?"

"ఆపుతాది. మోటారు కాలతా ఉండాదని ఆపేసి, ఆకువక్క వేసుకుంటా కూచుంటాది. మొదట్లో మరీ ఎక్కువ. పోయిన తూరి కాలినప్పట్నించి గలాటా చేస్తా ఉండా, ఆపొద్దు, వాయి ఆలస్యమైతాదని. నేను ఎదురుగా ఉంటే ఆపదు. అటు తిరిగితే ఆపుతాది."

"అదేనక్కా. వేసేది, ఆపేది, వేసేది, ఆపేది. అట్ల చేస్తే ఏ మోటారు బతుకుతాది? స్టార్టు చేసినప్పుడల్లా ఆరింతల కరెంటు లాగుతాది, తెలుసా?"

ఆరింతల మాట నిజమే. అబద్ధానికి మంచి తోడు నిజమే అన్న సంగతి ఈ వ్యాపారంలో ఉన్నవాళ్ళకు ఎవరూ నేర్పనక్కర్లేదు. సొన్నమ్మ ఇంకేమీ అడగలేదు. ఆ సాయంత్రమే, మిగతా ఆడవాళ్ళందరూ వింటుండగా, పిల్లమ్మను రేపట్నించి రావద్దంది. పిల్లమ్మ ఆకుసంచీ తీసుకుని, చేతులకంటిన పిండి కూడా కడుక్కోకుండా వెళ్ళిపోయిందట. ఆ మాట ఫోనులో విన్నాక వెంకటేశప్ప చేతిలోని తీగ చుట్టను కింద పెట్టేశాడు. పిల్లమ్మకు మొగుడు లేడు, నడుం నొప్పి ఉంది, ఆ స్విచ్చి తప్ప వేరే ఆధారం లేదు. హస్తవాసి అనే ముద్దాయికి ఒక మొహం, ఒక పేరు ఉంటాయని ఇన్నేళ్ళలో ఆయనకు తట్టనే లేదు.

శనివారం సెలవని కూతురు భవ్య భోజనం క్యారియరు తెచ్చింది. ఎలక్ట్రికల్ ఇంజనీరింగు నాలుగేళ్ళు చదివి, ఇప్పుడు గోడకు అటువైపు ఆఫీసులో, ఒక యాప్‌లో బటను నీలంగా ఉండాలా ఎర్రగా ఉండాలా అన్నది తేల్చే ఉద్యోగం చేస్తోంది. తండ్రి ముప్ఫై నాలుగు, ముప్ఫై అయిదు అని లెక్కపెట్టడం విని ఆగింది.

"మళ్ళీ అదే మోటారా? ప్లేట్‌లో ఏముండాది నాన్నా?"

"ప్లేటు చూసేది హోటల్లో. మెకానిక్ చూసేది కాయిలు."

భవ్య ఆయన మాట వినిపించుకోలేదు. గుడ్డకు థిన్నరు పోసుకుని పచ్చరంగు తుడిచింది. అంకెలు ఒక్కొక్కటే బయటపడ్డాయి.

"నాన్నా, ఇది అరవై హెర్ట్జ్."

"తెలుసు. యాభై కంటే ఎక్కువే కదా."

"ఎక్కువ కాదు నాన్నా, వేరే. కొరియాలో కరెంటు సెకనుకు అరవై సార్లు ఊగుతాది. మనది యాభై సార్లే. ఊగేది తగ్గితే దీని చుట్లు కరెంటును అడ్డుకోలేవు, మోటారు ఎక్కువ తాగుతాది. దాంతోబాటు అక్కడ వోల్టేజీ మూడువందల ఎనభై, మనది నాలుగువందల పదిహేను. ముప్ఫై ఆరు చుట్లు దీనికి ఏ మూలకు చాలుతాయి? ఖాళీగా తిప్పినా కాలిపోతా ఉంటాది. నువ్వు టాంగ్ టెస్టర్ పెట్టి చూడలేదా?"

వెంకటేశప్ప చారు గిన్నె మూత తీస్తూ, "ఎన్ని కావాల అయితే?" అన్నాడు.

భవ్య ఫోనులో లెక్క వేసింది. "నలభై ఏడు. తీగ కొంచెం సన్నంది వెయ్యాల. ఇంగ, ఎస్3 నలభై శాతం అని కూడా ఉండాది. అంటే పది నిమిషాల్లో నాలుగు నిమిషాలే దీనికి డ్యూటీ. ఆరు నిమిషాలు రెస్టు. క్రేన్ మోటారు నాన్నా ఇది. ఎత్తుతాది, దించుతాది, చల్లగా నిలబడుకుంటాది. అత్త వాళ్ళింట్లో ఎంతసేపు తిప్పుతారు?"

"ఒక్కో వాయికి నలభై నిమిషాలు. నేను దాన్ని డిస్కౌంటు అనుకుంటి."

భవ్య నేల మీద కూలబడి కళ్ళనీళ్ళు వచ్చేదాకా నవ్వింది. వెంకటేశప్ప కూడా కాస్త నవ్వాడు. అంతలో ఆమె నవ్వు ఉన్నట్టుండి ఆగిపోయింది.

"అయితే పిల్లమ్మక్క ఆపతా ఉండిందని అత్త చెప్పిందే, అదీ?"

వెంకటేశప్ప చారు గిన్నెకు మళ్ళీ మూత పెట్టేశాడు.

"అదే కరెక్టు నాన్నా. మొదట్లో బాగా ఆపింది, ఇరవై నాలుగు దినాలు వచ్చింది. ఆపొద్దన్నారు, తొమ్మిది దినాలకే పోయింది. ఆమె వల్ల కాలలేదు. ఆమె వల్ల బతికింది. అత్తకు చెప్తావా?"

"చెప్తాలే."

ఆ "చెప్తాలే" ఎలాంటిదో భవ్యకు తెలుసు. ఆ మాటతోనే ఆయన ఇంట్లో కుళాయి మూడేళ్ళుగా కారుతోంది.

నలభై ఏడు చుట్లూ చుట్టాడు. ఖాళీగా తిప్పి చెయ్యి పెడితే మోటారు బర్రె వీపులా గోరువెచ్చగా ఉంది. టెస్టరు ముల్లు మొదటి లెక్కలో మూడో వంతు దగ్గరే నిలబడింది. ఒక్క నిమిషం ఆయనకు గర్వంగా అనిపించింది. ఆ వెంటనే, ఇదే చెయ్యి మొదటి రోజు చురుక్కుమని వెనక్కి వచ్చిన సంగతి గుర్తొచ్చి టెస్టరును తీసేశాడు. భవ్య తప్పంతా తెలియకపోవడానిది అనుకుంటోంది. ప్లేటు సంగతి తెలియక జరిగిందే. వేడి సంగతి మాత్రం తెలిసే జరిగింది.

ఇప్పుడు చిక్కేమిటంటే, చుట్లు రహస్యంగా మార్చేయొచ్చుగాని విశ్రాంతి రహస్యంగా ఇవ్వడం కుదరదు. నాలుగు నిమిషాలు తిప్పి ఆరు నిమిషాలు ఆపాలని అక్కకు చెప్పాలి. ఆపమంటే ఎందుకంటుంది. ఎందుకో చెబితే పిల్లమ్మ పేరు వస్తుంది. దారి పొడుగునా ఆలోచించి, షెడ్డు చేరేసరికి వెంకటేశప్ప ఒక శుద్ధమైన అబద్ధం తయారు చేసుకున్నాడు.

"అక్కా, రెండు తూర్లు కాలిన మోటారు. దోషముండాది. హొసకోట దగ్గర ఒక పెద్దాయన్ని అడిగినా. నలభై ఎనిమిది దినాలు దీక్ష పెట్టల్లంట. నాలుగు నిమిషాలు తిప్పేది, ఆరు నిమిషాలు ఆపేది. స్వల్ప అడ్జస్ట్ చేసుకో."

మెకానిక్ మాటను ముప్ఫై ప్రశ్నలడిగే సొన్నమ్మ, దీక్ష అనగానే రెండు చేతులూ జోడించింది. "మోటారుకు కూడా దీక్షనా? మంచిదప్పా, మనుషులకే భక్తి లేకుండా పోయినాది" అంది. ఫోనులో గంట పెట్టుకుని తనే స్విచ్చి దగ్గర కూర్చుంది. నలభై నిమిషాల వాయి వంద నిమిషాలు పట్టింది. అరవై ఒక్క ఏళ్ళ మనిషి, మోకాళ్ళు పట్టుకుని లేస్తూ కూర్చుంటూ సాయంత్రం దాకా రుబ్బింది. పిండి మాత్రం వేడెక్కక బాగా పొంగిందని పీజీవాళ్ళు మెచ్చుకున్నారు. అదంతా దీక్ష మహిమ అని సొన్నమ్మ అందరికీ చెప్పింది.

నాలుగు రోజుల తర్వాత మారతహళ్ళి బ్రిడ్జి దగ్గర బస్సు స్టాపులో పిల్లమ్మ కనిపించింది. వెంకటేశప్ప తల తిప్పుకుని పోదామనుకున్నాడు. ట్రాఫిక్ ఆయన బండిని తెచ్చి సరిగ్గా ఆమె ముందే నిలబెట్టింది.

"వెంకటేశన్నా, నిన్నొక మాట అడగాల," అంది పిల్లమ్మ. చేతులు సోడాపొడికి పగిలి తెల్లగా ఉన్నాయి. ఏదో పీజీలో అంట్లు తోముతోందట. "నేను ఆపేదానివల్లనే కాలిపోయెనా అది? కాలతా ఉంటే ఆపితే మంచిదేమో అనుకుంటి. నాకేం తెలుస్తాది. సొన్నమ్మక్కకు అంత నష్టం చేస్తినే అని నిద్రే పట్టడంలేదన్నా."

చెప్పడానికి అదే సమయం. ముందు సిగ్నలు ఎర్రగా ఉంది, బస్సు జాడ లేదు, తొందరేమీ లేదు. వెంకటేశప్ప నోరు తెరిచాడు కూడా.

"పోనీలే పిల్లమ్మా," అన్నాడు. "తెలీక చేసినావు. మనసులో పెట్టుకోవద్దు."

పిల్లమ్మ దణ్ణం పెట్టింది. "నీది పెద్ద మనసన్నా" అంది.

చెయ్యని తప్పుకు ఆమెను క్షమించి, ఆ క్షమకు దణ్ణం కూడా పుచ్చుకుని వెంకటేశప్ప బండి ముందుకు పోనిచ్చాడు. ఆయనకు సిగ్గు వేసింది. మామూలు సిగ్గు కాదు, అన్నం సయించనంత సిగ్గు. రెండు రోజులు భార్య వండినదాంట్లో ఉప్పు లేదన్నాడు. ఉప్పు ఉంది.

ఆ వారాంతంలో సొన్నమ్మ ఫోను చేసింది. గొంతు నిండా సంతోషం.

"వెంకటేశా, దీక్ష అయిపోయినాదిరా."

"ఎట్లయితాదక్కా? పది దినాలు కూడా కాలేదు కదా."

"పెండ్లికి పిండి అడిగినారు, అయిదు వాయిలు రుబ్బల్ల. పూజారిని అడిగితిని. దీక్ష మధ్యలో విడవాలంటే పరిహారముండాది, మోటారుకు కుంకుమ పెట్టి టెంకాయ కొట్టి మూడు చుట్లు తిరగమన్నాడు. పొద్దున కొట్టినా. ఇప్పుడు మూడో వాయి, ఒక్క నిమిషం ఆపలేదు. ఎంత బాగా తిరగతా ఉండాదో విను," అని ఫోనును మోటారు దగ్గర పెట్టింది.

వెంకటేశప్ప "ఆపు, ఆపక్కా" అన్నాడు. ఆ చప్పుడులో అటువైపు ఏమీ వినపడలేదు. మళ్ళీ చేశాడు, ఎత్తలేదు. మళ్ళీ చేశాడు. దేవుడి పేరు చెప్పి అబద్ధమాడేవాడు దేవుడి దగ్గర పరిహారం కూడా ఉంటుందని గుర్తుపెట్టుకోవాలి. టెంకాయకు లొంగని దీక్ష ఈ భూమ్మీద ఏదైనా ఉందా? లొంగనిది రాగి తీగ ఒక్కటే.

మహదేవపుర నుంచి మారతహళ్ళికి ఎంతో దూరం లేదు. అవుటర్ రింగురోడ్డు మీద ఆ దూరం పోవడానికి ఆయనకు యాభై నిమిషాలు పట్టింది. మెట్రో పని చేసేవాళ్ళు అడ్డం పెట్టిన రేకుల మధ్య బండి తోసుకుంటూ, తిట్లు తింటూ, తిడుతూ వెళ్ళాడు. షెడ్డుకు ఇరవై అడుగుల దూరంలోనే వార్నిష్ మాడుతున్న వాసన వచ్చింది. సొన్నమ్మ మోటారు ముందు వెలిగించిన ఊదుకడ్డీల్లో ఆ వాసన ఆమెకు తెలియలేదు. వెంకటేశప్ప పరిగెత్తి స్విచ్చి ఆపేశాడు. ఒంటి మీద చెయ్యి పెడితే చర్మం అంటుకుంది.

గ్రైండరు ఆగింది. బియ్యం కడుగుతున్న ఇద్దరు ఆడవాళ్ళు తలలెత్తారు.

"ఏమిరా, మంచి వాయిలో ఆపేస్తివే?"

"దీక్ష లేదక్కా. దోషం లేదు. పెద్దాయనా లేడు."

"ఏమంటాండావు?"

"నేనే కల్పించినా. ఇది క్రేన్ మోటారు. పదిలో నాలుగు నిమిషాలే తిరగల్ల, లేకపోతే కాలిపోతాది. అదీగాక మన కరెంటుకు చేసింది కాదు. ప్లేటులో అంతా రాసుండాది. నేను దాని మీద రంగు కొట్టేసినా. తప్పు నాది."

ఆ రెండు మాటలు ముప్ఫై ఒక్క ఏళ్ళలో ఆ నోటి నుంచి రాలేదు. వచ్చేటప్పుడు కూడా తుప్పు పట్టిన నట్టు తిరిగినట్టే వచ్చాయి. సొన్నమ్మ బియ్యం మూట మీద కూర్చుంది. మోటారు సంగతి అడగలేదు.

"పిల్లమ్మ ఆపతా ఉండింది కదరా?"

"ఆమె ఆపిందే సరి. ఆమె ఆపబట్టే అన్ని దినాలు వచ్చింది."

"నీ మాట మీద పంపిస్తినే. తొమ్మిదేండ్లుగా చేసే మనిషిని. అందరి ముందర పొమ్మంటినే."

"తెలీక చెప్పినా అక్కా."

"తెలీకనేనా?"

"తెలీకనే."

సొన్నమ్మ ఆయన మొహంలోకి చూసింది. ఆరేళ్ళప్పుడు బెల్లం దొంగిలించినప్పుడు కూడా ఇదే మొహం పెట్టాడని ఆమెకు తెలుసు. "నేను ఏ మొగంతో పిలిచేది? నువ్వే పోయి చెప్పు," అంది.

మోటారు చల్లారాక, తీగల మీది పూత దెబ్బతిందో లేదో చెప్పే మెగ్గరు పెట్టి చూస్తే తీగలకు ప్రమాదం లేదని తేలింది. ఇంకో వాయి తిరిగి ఉంటే బూడిదే. మిగిలిన వాయిలు నాలుగు నిమిషాల లెక్కన మొదలుపెట్టమని చెప్పి వెంకటేశప్ప పీజీ వెతుక్కుంటూ వెళ్ళాడు.

పిల్లమ్మ పీజీ వెనక కుళాయి దగ్గర పీట మీద కూర్చుని సాంబారు గిన్నె తోముతోంది. ఆయన నిలబడే చెప్పాడు. అరవై, యాభై, నలభై శాతం, అన్నీ చెప్పాడు. సగం ఆమెకు అర్థం కాలేదు. "నువ్వు ఆపింది సరి, నేను చెప్పింది తప్పు" అన్నది మాత్రం అర్థమైంది. ఆమె ఏడవలేదు, కోప్పడలేదు. గిన్నెను బోర్లించింది.

"అయితే నావల్ల కాలిపోలేదు."

"కాలిపోలేదు."

"నేను ప్లేట్లు చదివేదాన్ని కాదన్నా. చెయ్యి పెడితే కాలతా ఉండె. ఓర్చుకోలేనంత కాలితే ఆపేస్తి, చల్లారితే వేస్తి. అంతే," అంది. తర్వాత ఎగతాళి కాకుండా, నిజంగానే తెలుసుకోవాలని అడిగింది. "నువ్వు చెయ్యి పెట్టి చూడలేదా?"

తెలీక అన్న మాట నాలుక చివరిదాకా వచ్చింది. అక్క నమ్మినా నమ్మకపోయినా అక్కడ ఆ మాట నడిచింది. ఇక్కడా నడుస్తుంది. ఈమె నమ్ముతుంది కూడా, ఈమె ఆయన్ని ఎప్పుడూ నమ్ముతూనే వచ్చింది. అదే ఆయన్ని ఆపింది.

"పెట్టినా పిల్లమ్మా. మొదటి దినమే, అక్క షెడ్డుకు తెచ్చేదానికి ముందే పెట్టినా. కాలింది. టెస్టరు పెట్టి చూసినా, తప్పుండాదని తెలిసింది. తెలిసే రంగు కొట్టి పంపిస్తి. ఎవరికీ చెప్పలేదు."

కుళాయి కారుతోంది. పిల్లమ్మ దాన్ని గట్టిగా తిప్పి కట్టింది.

"ఇది సొన్నమ్మక్కకు చెప్పినావా?"

"లేదు. తెలీక అని చెప్పినా."

పిల్లమ్మ లేచింది. చేతులు కొంగుకు తుడుచుకుంది. మూలన పెట్టిన ఆకుసంచీ తీసుకుని నడుముకు దోపుకుంది. వంటింటి వైపు తిరిగి, నేను పోతా ఉండా, రేపట్నించి ఇంకెవర్నైనా చూసుకోండి అని కేకేసింది. తర్వాత వెంకటేశప్ప బండి దగ్గరికి నడిచి వెనక సీటు మీద కూర్చుంది.

"పద అన్నా," అంది. "నా ముందర చెబుదువు."